నూట ఎనభై ఒకటో భోజనం

రొహైజా నాతో మొట్టమొదట మాట్లాడిన మాట, "నీ వల్ల సోమవారం నా ఉద్యోగం పోతోంది" అని. ప్రేమకథ మొదలయ్యే పద్ధతి ఇది కాదని నాకూ తెలుసు. మా సలాక్ టింగీ ఊళ్ళో ఆ రోజుల్లో ఏదీ పద్ధతిగా జరగలేదు.

విమానం కనబడకుండా పోయి అప్పటికి మూడు నెలలు. మా ఊరి పక్క ఎయిర్‌పోర్ట్ నుంచి నూట ఎనభై మందితో మధ్యాహ్నం లేచింది, ముప్పావుగంటకి రాడార్ మీంచి మాయమైంది. ఎక్కడుందో ప్రభుత్వానికి తెలియదు. మా ఊళ్ళో మాత్రం అందరికీ తెలుసు. మంగలి షాపతను ఎడారిలో దించేశారన్నాడు. మా పక్కింటి బ్యాంకు గుమస్తా విడదీసి సామాన్ల కింద అమ్మేశారన్నాడు. రిటైరైన బక్రీ హెడ్మాస్టారు సముద్రం మ్యాపుకి లామినేషన్ చేయించి, పెళ్ళి విందులకి కూడా చంకలో పెట్టుకొచ్చేవారు. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు. లంకావి దీవికి కూడా పడవలోనే వెళ్ళొచ్చారు.

నా బాధ వేరు. ఎయిర్‌పోర్ట్ వంటశాల నుంచి భోజనాలు తీసుకెళ్ళి విమానం తలుపు దాకా ఎత్తే లారీ నాది. ఆ విమానం వెనక తలుపు దగ్గర్నుంచి ఆఖరున దిగింది నేనే. ఏ ఘనకార్యమూ చెయ్యని వాడికి అది చాలా పెద్ద హోదా. మొదటి వారం టీ కొట్లో నాకు టీ, పరోటా ఊరికే పెట్టారు. రెండో వారం నుంచి వాటికి బదులు కబుర్లు అడిగారు.

ఒకరోజు డ్యూటీ దిగి వస్తుంటే బక్రీ మాస్టారు గంటంబావు పట్టుకున్నారు. ఆ రోజు ఒక్కటంటే ఒక్క తేడా కూడా లేదా అని. నాకు నిలబడే నిద్రొస్తోంది. వదిలితే చాలని, "లెక్కలో ఒక భోజనం ఎక్కువొచ్చింది మాస్టారూ" అన్నాను.

అబద్ధం కాదు. లారీలో నా సీటు పక్కన ఒక డబ్బా ఎక్కువే ఉంది. నా ప్రతి డ్యూటీలోనూ ఉండేది. వంటశాల వాళ్ళ పొరపాటనుకుని తినేసేవాణ్ణి. ఆరు నెలలపాటు రోజూ అదే పొరపాటు, అదే సీటు పక్కన. నాకు అనుమానం రాలేదు. తిన్నానని మాత్రం మాస్టారికి చెప్పలేదు, విమానం భోజనం తింటే ఉద్యోగానికే ముప్పు.

ఆ డబ్బా తెల్లారేసరికి మనిషైంది. వారం తిరిగేసరికి నూట ఎనభై ఒకటో ప్రయాణికుడై, దొంగ పాస్‌పోర్టు సంపాదించాడు. మరో వారానికి మీసాలు మొలిచాయి. ఒకావిడ వాట్సాప్‌లో వాడి ఫొటో కూడా పెట్టింది.

అప్పుడు ఆఫీసర్లు లెక్కలు తీశారు. ఆ రోజు నిజంగానే నూట ఎనభై ఒక్క భోజనాలు తయారయ్యాయి. కాగితం మీద సంతకం డబ్బాలు సర్దే రొహైజాది. రెండుసార్లు పిలిచి అడిగితే లెక్క తప్పానని తప్ప ఇంకేమీ చెప్పలేదట. ఆమెని అడగడానికి తమలపాకుల పెట్టెతో వచ్చిన పెళ్ళివారు కూడా ఆ మీసాల వాడి గురించే రెండు గంటలు అడిగి, పెట్టినవన్నీ తిని, పిల్లని అడగడం మర్చిపోయి వెళ్ళిపోయారు.

అందుకే ఆ శుక్రవారం టీ కొట్లో నా ఎదురుగా కూర్చుని, సోమవారం ఉద్యోగం పోతోందన్న ఆ మొదటి మాట అంది.

"ఎక్కువొచ్చిందని ఊరంతా చెప్పావ్. అదేమైందో చెప్పలేదేం?"

"తిన్నాను."

"ఎలా ఉంది?"

ఇలాంటి విచారణ నేనెక్కడా చూళ్ళేదు. బావుందన్నాను. కొబ్బరిపాల అన్నం, ఎర్రకారం, గుడ్డు, వేరుశెనగలు.

"నెత్తళ్ళు?"

"లేవు."

"మిగతా నూట ఎనభై డబ్బాల్లోనూ వేయించిన నెత్తళ్ళున్నాయి. దాంట్లో ఎందుకు లేవు?"

ఆ చిన్న చేపలు తింటే నాకు ఒళ్ళంతా దద్దుర్లు. ఆ మాట ఉద్యోగంలో ఒక్కసారే అన్నాను, నిరుడు క్యాంటీన్ వరసలో. అప్పుడు నా వెనకాల ఎవరో వంటశాల వాళ్ళ నీలం టోపీ పెట్టుకున్న అమ్మాయి నిలబడి ఉంది.

నేను రొహైజా కేసి చూశాను. ఆమె టీ గ్లాసు కేసి చూసింది. రేకుల కప్పు మీద వాన మొదలైంది.

"మరి ఆఫీసర్లకి చెప్పొచ్చుగా" అన్నాను.

"ఏమని? లారీ అబ్బాయికి నెత్తళ్ళు పడవు సార్, అందుకని విడిగా కట్టాను సార్ అనా?"

"దొంగ ప్రయాణికుణ్ణి ఎక్కించావని అనిపించుకోవడం నయమా?"

"దానికైతే మా అమ్మ ఏడుస్తుంది. దీనికి నవ్వుతుంది. ఏడిస్తే ఓదార్చగలను."

సోమవారం విచారణకి ఆమెకంటే ముందు నేనే వెళ్ళాను. తిన్నది నేనని చెప్పాను. ఎన్నాళ్ళుగా అని అడిగారు, ఆరు నెలలన్నాను. ఎవరు కట్టారు, ఎందుకు అన్నారు. అడుగుతారని నేను ఆలోచించుకోలేదు. "నాకు నెత్తళ్ళు పడవు సార్" అన్నాను. ముసలి ఆఫీసరు పెన్ను కింద పెట్టి, "మూడు నెలల్లో నాకు నమ్మబుద్ధయిన మాట ఇదొక్కటేనయ్యా" అన్నాడు. రొహైజా ఉద్యోగం నిలిచింది. నన్ను లారీ మీంచి దించి డబ్బాలు కడిగే చోట వేశారు.

టీ కొట్లో అందరికీ ఈ సంగతి చెప్పాను. బక్రీ మాస్టారు నా భుజం మీద చెయ్యేసి, "ఇలా చెప్పమని నీకెవరు చెప్పారు బాబూ?" అన్నారు.

నెల తర్వాత మా అమ్మ తమలపాకుల పెట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. మావైపు పెళ్ళికొడుకు లోపలికి రాకూడదు గనక నేను కార్లోనే కూర్చున్నాను. రొహైజా నాన్న అంతా విని, ఒక్కటే అడగాలి అన్నారట. విమానం సంగతేమోనని మా అమ్మ హడలిపోయింది. ఆయన అడిగింది, "నెత్తళ్ళు పుట్టినప్పట్నుంచీ పడవా, మధ్యలో వచ్చిందా?" అని. పుట్టినప్పట్నుంచీ అంది అమ్మ. ఆయన పెట్టె అందుకున్నారు.

కాసేపటికి రొహైజా బయటికొచ్చి కారు కిటికీలోంచి ఒక డబ్బా ఇచ్చింది. వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"అందరూ విమానం ఎక్కడుందని అడిగారు. అందులోవాళ్ళు అన్నం తిన్నారా అని ఎవరూ అడగలేదు" అంది. "ఆ ముప్పావుగంటలో భోజనాలు పెట్టేసి ఉంటారంటావా?"

ఒక్క మాట జారితే దానికి మీసాలు ఎలా మొలుస్తాయో చూసినవాణ్ణి. అందుకే ఇంకో మాట మూడు నెలలకి పైగా దాచుకున్నాను. ఆమెకి చెప్పాను. ఆ రోజు వెనక తలుపు దగ్గర ఎయిర్‌హోస్టెస్ ఒక మూత కొంచెం ఎత్తి, వాసన చూసి, "ఇవాళ విమానం లేవగానే పెట్టేస్తాం, నాకే ఆగట్లేదు" అని నవ్వింది.

రొహైజా తల దించుకుంది. కళ్ళు తుడుచుకుని డబ్బా కేసి చూపించింది.

"మూత తియ్యి. చల్లారిపోతుంది."