ఎడమవైపు హ్యాండిల్

పోస్టులో వచ్చిన పార్సిల్ విప్పి, అందులోని బుల్లి గ్రామఫోన్ బొమ్మను అరచేతిలో పెట్టుకుని మురిసిపోయాడు ఆ పెద్దమనిషి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఇత్తడి హారన్, నల్లటి రికార్డు, పక్కన తిప్పడానికి చిన్న హ్యాండిల్.

"ఇదేంటే, హ్యాండిల్ ఎడమవైపు పెట్టాడు? ఎవడో పుర్రచేతివాడు చేసినట్టున్నాడు" అని భార్యతో అంటూ తిప్పాడు.

పాట రాలేదు. వేలి కొసన చిన్న రక్తపు చుక్క వచ్చింది. ఆమె వంటింట్లోంచి తడిగుడ్డ తెచ్చేసరికి ఆయన కుర్చీలో ఒరిగిపోయి ఉన్నాడు.

డాక్టరు గుండెపోటన్నాడు.

"కాదురా" అందామె, కబురు అంది పరుగున వచ్చిన తూనీగ చెయ్యి పట్టుకుని. "మీ బాబాయి నిన్నటిదాకా మేడమెట్లు పరిగెత్తి ఎక్కిన మనిషి. ఆ బొమ్మే పొట్టన పెట్టుకుంది."

తూనీగ అన్నది సీక్రెట్ సర్వీస్‌లో అతని కోడ్ నేమ్. వేలు పట్టుకుని నడిపించిందీ, ఈ ఉద్యోగంలోకి తెచ్చిందీ బాబాయే. 

"ఆ బొమ్మ నాకివ్వు పిన్నీ. ఇంకెవర్నీ తాకనివ్వకు."

చీఫ్ గదిలో కర్టెన్లు దించి ఉన్నాయి.

"మీ బాబాయిని రిటైర్‌మెంట్ నుంచి వెనక్కి పిలిచింది నేనే" అన్నాడు చీఫ్. "ఈ సాయంత్రం పొరుగు దేశంతో శాంతి ఒప్పందం. హాల్లోకి వెళ్లే ప్రతి వస్తువూ ఆయన చెయ్యి దాటాలి. ఆ డ్యూటీ ఇప్పుడు నెమలికిచ్చాను. నువ్వు ఒక్కటే కనుక్కో. ఈ బొమ్మ ఎక్కడ పుట్టింది?"

నెమలి డిపార్ట్‌మెంట్‌కి యాంటిక్స్ ఎక్స్‌పర్ట్. ఆమె నడిచి వెళ్లాక కూడా కారిడార్‌లో సెంటు వాసన కాపలా కాస్తుందని ఆఫీసులో జోకు. లోపలి విషపు సూది తీసేసిన బొమ్మను పట్టకారుతో తిరగేసి, అడుగున ఉన్న ముద్ర చూపించింది.

"వందేళ్ల నాటి సావనీర్. ఈ ముద్ర సముద్రం అవతలి ఫ్యాక్టరీది. మీరు అక్కడే వెతకాలి. ఫ్లైట్ టికెట్ తీసేశాను."

"అప్పుడేనా?"

"మీ బాబాయి కోసం ఈమాత్రం చెయ్యలేనా?" నల్ల కళ్లద్దాల వెనక ఆమె కళ్లు కనిపించలేదు.

ఎయిర్‌పోర్టు లాంజ్‌లో తూనీగ వాచీ అద్దం పైకెత్తాడు. అది పవర్‌ఫుల్ లెన్స్. దాని కింద బొమ్మను మెల్లగా తిప్పాడు. ఇత్తడి మూలల్లో పేరుకున్న పాతకాలపు నలుపు అతని బొటనవేలికి అంటుకుంది. వాసన చూశాడు.

బూట్ పాలిష్!

వందేళ్ల వయసంతా వట్టి పూతే అన్నమాట. మరి ఈ ఎడమవైపు హ్యాండిల్ ఏమిటి? అతను చూసిన పాత గ్రామఫోన్లన్నిటికీ అది కుడివైపే ఉండేది.

తలెత్తాడు. ఎదురుగా గోడంత పోస్టర్. పాత సంగీత యంత్రాల ప్రదర్శన, సిటీ మ్యూజియం. అందులో గ్రామఫోన్, హ్యాండిల్ ఎడమవైపు. రికార్డు మీది అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ప్రెస్సువాళ్లు ఫొటోను తిప్పి అచ్చేశారు. హారన్ అంచున ఒక సొట్ట. చేతిలోని బొమ్మకీ సరిగ్గా అక్కడే సొట్ట.

ఈ బొమ్మ చేసినవాడు అసలు యంత్రాన్ని చూడలేదు. ఈ పోస్టర్‌ని చూసి పోత పోశాడు. అంటే సముద్రం అవతల కాదు, ఈ ఊళ్లోనే!

పోస్టర్ కింద ప్రదర్శన సలహాదారు ఫొటో. నల్ల కళ్లద్దాలు లేవు గానీ ముఖం నెమలిదే.  ఫ్లైట్ అతను లేకుండానే ఎగిరింది.

కాసేపటికి, పాత యంత్రాలకి రిపేర్లు చేసే మ్యూజియం బేస్‌మెంట్ తలుపు తట్టాడు ఒక ఏసీ మెకానిక్. నీలం యూనిఫాం, చేతిలో బరువైన టూల్ బ్యాగ్.

తలుపు సందులోంచి ఒక బట్టతల తొంగిచూసింది. "ఏ పాట కావాలి?" యాసలో తేడా ఉంది. అది కోడ్.

"ఏ పాటైతే ఏంటి సార్, ఏసీ పాడైందంట కదా?" అన్నాడు తూనీగ.

బట్టతల చెయ్యి జేబులోకి పోయింది. అది బయటికొచ్చేలోపే టూల్ బ్యాగ్ వాడి దవడ మీద పడింది. లోపల లేత్ మెషీన్, ఇత్తడి రజను, స్ప్రింగులు, సూదులు. బల్ల మీద రెండు కొత్త అచ్చులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. బొమ్మలు మాత్రం లేవు.

"ఎక్కడ?"

రక్తం ఉమ్మి నవ్వాడు వాడు. "నెమలి తీసుకెళ్లింది. మీరెళ్లేసరికి పాట అయిపోతుంది."

చీఫ్‌కి ఫోన్ చేశాడు. హాల్లో జామర్లు ఆన్‌లో ఉన్నాయి. కలవలేదు.

వాడిని పైపుకి కట్టేసి వీధిలోకి పరిగెత్తాడు.

హాల్లో సంతకాలు అయిపోయాయి. సీలు తీసిన రెండు బహుమతి పెట్టెల్లో బుల్లి గ్రామఫోన్లు ఇద్దరు మంత్రుల ముందున్నాయి. మైకు దగ్గర నెమలి తీయగా చెబుతోంది.

"ఇద్దరూ ఒకేసారి తిప్పండి. రెండు దేశాలకీ ఒకే పాట వినిపిస్తుంది."

మంత్రుల వేళ్లు హ్యాండిళ్ల మీదికి వెళ్లాయి.

"తిప్పకండి!"

ఇద్దరు గార్డులు తూనీగను నేలకి అదిమేశారు. పిస్టల్ గొట్టం మెడకి చల్లగా తగిలింది. చివరి వరసలోంచి చీఫ్ లేచాడు. కానీ మంత్రుల చేతులు ఆగినచోటే ఆగాయి తప్ప వెనక్కి రాలేదు.

"పాపం" అంది నెమలి. "పొద్దున్నే వాళ్ల బాబాయి పోయారు. మనసు చెదిరింది. మీరు కానివ్వండి సార్."

నేల మీద నుంచే తలెత్తాడు తూనీగ. "మనసు చెదిరినవాడి మాటే అనుకోండి. అయితే ముందు మీరు తిప్పండి మేడమ్. ఒక్కసారి."

హాలంతా ఆమె వైపు తిరిగింది. మన మంత్రి నవ్వుతూ బొమ్మను ఆమె ముందుకి జరిపాడు. ఆమె చెయ్యి లేవలేదు. పెదవులు మాత్రం తెల్లబడ్డాయి.

చీఫ్ మెల్లగా నడిచొచ్చి ఒక పెన్సిల్‌తో హ్యాండిల్ తిప్పాడు. టక్‌మని సూది లేచి చెక్కలో దిగింది. నెమలి తలుపు వైపు కదిలేసరికి గార్డులు తూనీగను వదిలి ఆమె చుట్టూ నిలబడ్డారు.

చెమట తుడుచుకుంటూ మన మంత్రి అడిగాడు. "మరి అతిథికి ఉత్త చేతులేనా? కనీసం షేక్‌హ్యాండ్ ఇవ్వచ్చా?"

"ఇచ్చుకోండి సార్" అన్నాడు తూనీగ, మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ. "కాకపోతే ముందు ఇద్దరి ఉంగరాలూ ఒకసారి చూడనివ్వండి."