చెవిలో స్టేడియం

"గోల్ అని అరిచింది మీరేనా?"

తలుపైనా తట్టకుండా లోపలికి దూసుకొచ్చిన అమ్మాయిని చూసి, అద్దాల గదిలో కూర్చున్న అబ్బాయి హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకున్నాడు. కింద మైదానంలో ఆట సగమై, జట్లు విశ్రాంతికి లోపలికి వెళ్తున్నాయి.

"నేనేనండీ."

"అది గోలా?"

"కాదండీ."

"మరెందుకు అరిచారు?"

"అయిందనుకున్నానండీ."

తప్పు చేసినవాడు నాలుగు సాకులు చెబితే పోట్లాడటం సులువు. ఈ మనిషి అన్నిటికీ బుద్ధిగా తలూపుతున్నాడు. మెట్లెక్కుతూ కూడబెట్టుకున్న కోపాన్ని ఎక్కడ దించాలో ఆమెకు తోచలేదు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వ్యవహారం. బంతి లోపల పడిందో లేదో చూసి చెప్పడానికేం? మీకు కళ్లున్నాయిగా!"

ఆ చివరి మాటకి అబ్బాయి లేచి నిలబడ్డాడు.

అతని ఉద్యోగమే కళ్లు. ఆ కొత్త స్టేడియంలో చూపులేని ప్రేక్షకుల కోసం ఒక వరుస ప్రత్యేకంగా ఉంది. వాళ్ల చెవుల్లో చిన్న ఇయర్‌పీసులుంటాయి. పైన అద్దాల గదిలోంచి ఇతను ఆట చూస్తూ, చూసింది చూసినట్టు వాళ్ల చెవుల్లో పోస్తాడు. టీవీ కామెంటరీ వాళ్లకేం, చూసేవాళ్లకి బొమ్మ ఎలాగూ కనిపిస్తుంది కాబట్టి పాత ఆటల ముచ్చట్లు చెప్పుకుంటూ గడిపేయొచ్చు. ఇక్కడ బంతి ఎక్కడుందో ఇతను చెప్పకపోతే అసలు బంతే లేదు.

ఆ అమ్మాయి పనిచేసేది పెయింట్ల దుకాణంలో. రంగులు కలిపి, అడిగిన షేడ్ తేవడం ఆమె పని. ఎరుపుని ఎరుపని ఊరుకోవడం ఆమెకు చేతకాదు. అందుకే దుకాణం యజమాని రంగుల నమూనాలుండే అట్ట పేరే, షేడ్‌కార్డు అని, ఆమెకు పెట్టాడు, అదే స్థిరపడిపోయింది.

షేడ్‌కార్డు నాన్న ఒకప్పుడు ఫుట్‌బాల్ లైన్స్‌మన్. జెండా పట్టుకుని మైదానం గీత వెంట పరిగెడుతూ, బంతి గీత దాటిందా లేదా అని చెప్పిన మనిషి. అవన్నీ గోడలు లేని చిన్న మైదానాలు. ఇంత పెద్ద స్టేడియంలో అడుగుపెట్టే భాగ్యం ఆయనకు కళ్లున్నప్పుడు రాలేదు. కళ్లు పోయాక ఆయన వీధి గుమ్మం దాటడమే మానేశారు. దేశదేశాల జట్లు ఆడే టోర్నమెంటు ఊళ్లోకే వచ్చిందని తెలిసి, కూతురు రెండు మ్యాచ్‌లకు టికెట్లు కొని, బతిమాలి, అలిగి, చివరికి బయటికి తీసుకొచ్చింది.

ఇయర్‌పీస్ పెట్టుకున్నాక ఆయన మొహం వెలిగిపోవడం ఆమె కళ్లారా చూసింది. తర్వాత పైనుంచి ఈ మహానుభావుడు గోల్ అన్నాడు. నాన్న లేచి, చేతులు రెండూ పైకెత్తి, గొంతు చించుకుని అరిచారు. అదే క్షణాన స్టేడియం అంతా అయ్యో అంది. ఆ వరుసలో మిగతావాళ్లూ అరిచారు గానీ, పొరపాటు తెలిసి పకపకా నవ్వేశారు. నాన్న నవ్వలేదు. మెల్లగా కూర్చుని చొక్కా సర్దుకున్నారు.

"జెండా పట్టినవాడు ఎవరి గోలుకీ అరవకూడదమ్మా. ఇన్నేళ్లలో మొదటిసారి అరిచాను. అదీ కాని గోలుకి!" అన్నారు.

"సైడ్ నెట్ అండీ, గోల్ పక్క వల," అన్నాడు అబ్బాయి, ఆమె చెప్పిందంతా విని. "బంతి బయటినుంచి తగిలినా నెట్ కదులుతుంది. నా సీట్లోంచి చూస్తే లోపలే పడ్డట్టుంది. ఒక్క క్షణం ఆగాల్సింది. ఆనందం ఆగలేదు."

మ్యాచ్ అయ్యాక అతనే కిందికి దిగివచ్చి క్షమించమన్నాడు. నాన్న నవ్వి, "పరవాలేదు బాబూ, కుర్రతనం," అన్నారు. అంత మర్యాదగా అనడం చూసి షేడ్‌కార్డు గుండె జారిపోయింది. నాన్న కోప్పడినా బాగుండేది. ఇది ఆశే పోయిన గొంతు.

"ఆ రెండో మ్యాచ్ టికెట్లు ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా," అన్నారు ఇంటికెళ్లే దారిలో. ఇక ఈ మనిషి మళ్లీ గుమ్మం దాటడేమోనని ఆమెకు ఆ వారమంతా ఒకటే బెంగ.

*

"తెల్లరంగు కావాలండీ."

బూడిదరంగు కలుపుతున్న షేడ్‌కార్డు తలెత్తింది. కౌంటరు అవతల అద్దాల గది అబ్బాయి.

"ఏ తెలుపు?"

"తెలుపు తెలుపే కదండీ?"

వెనక డబ్బాలు సర్దుతున్న యజమాని, "అయిపోయావు నాయనా," అని గొణిగి లోపలికి తప్పుకున్నాడు.

ఆమె కౌంటరు మీద తెలుపుల కార్డులు పరిచి, మళ్లీ రంగు కలపసాగింది. పాల తెలుపు, ముత్యం తెలుపు, సున్నం తెలుపు, గుడ్డు పెంకు తెలుపు. అబ్బాయి బిక్కమొహం వేసి చూశాడు.

"దుకాణం ఎలా తెలిసింది?"

"మొన్న మీ భుజాన సంచి మీద పేరుంది. చూడటమే కదండీ నా పని." కాస్త గొంతు తగ్గించాడు. "మీ నాన్నగారు మళ్లీ రానన్నారా?"

"మీకెవరు చెప్పారు?"

"ఇయర్‌పీస్ తిరిగిచ్చేటప్పుడు వైరు చక్కగా చుట్టి, ముడేసి ఇచ్చారండీ. మళ్లీ వచ్చేవాళ్లు అంత జాగ్రత్తగా ఇవ్వరు."

బూడిదరంగు కలుపుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. నాన్న గురించి ఇంత చిన్న సంగతి కనిపెట్టినవాడు ఈమధ్య ఎవరూ లేరు.

"మ్యాచ్ లేని రోజు స్టేడియం చూపిస్తారు," అన్నాడతను. "నేను ఆయన్ని గీత దాకా తీసుకెళ్తాను. పర్మిషన్ అడిగి ఉంచాను."

"నాన్న ఒప్పుకోరు."

"ఆయన్ని అడక్కండి. మీకే స్టేడియం చూడాలని సరదాగా ఉందని చెప్పండి."

"అబద్ధం చెప్పమంటారా?"

"ఏం, మీకు సరదా లేదా?"

నవ్వు ఆపుకోబోతే చెయ్యి కదిలింది. డబ్బాలో నలుపు ఒక చుక్క ఎక్కువ పడింది. ఆమె ఉద్యోగంలో అలాంటిది జరగదు.

"మరి నా తెలుపు?"

"ఇంట్లో దేనికి వెయ్యాలో తెలుసుకుని రండి," అంది కార్డులు ఏరుతూ. దేనికీ కాదని ఇద్దరికీ తెలుసు.

*

కూతురి సరదా కాదనలేక నాన్న వచ్చారు. సొరంగంలాంటి దారిలోంచి మైదానం అంచుకు రాగానే ఆగి, ఒక్కసారి చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు ఖాళీ సీట్ల మీదుగా చుట్టూ తిరిగి వెనక్కి వచ్చింది.

"అబ్బో! చాలా పెద్దదే," అన్నారు.

"గడ్డి పచ్చగా ఉంది సార్," మొదలుపెట్టాడు అబ్బాయి.

"పచ్చగానా? అంతేనా?" అంది షేడ్‌కార్డు. "నాన్నా, పట్టీలు పట్టీలుగా ఉంది. ఒకటి చిలకపచ్చ, పక్కది సీసాపచ్చ."

"కోసే మెషీన్ అటు వెళ్తే గడ్డి అటు వాలుతుందండీ, ఇటు వస్తే ఇటు. అందుకే రెండు రంగులు," అన్నాడతను.

"అయితే ఒకే గడ్డి!"

"ఒకే గడ్డి. చూసే వైపు తేడా."

"మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. గీత ఎక్కడ?" అన్నారు నాన్న.

అబ్బాయి ఆయన చేతిని తన భుజం మీద వేసుకున్నాడు. గీత వెంట నడిచారు. కాసేపటికి నాన్న తిన్నగా నడవడం మానేసి, మొహం మైదానం వైపు తిప్పుకుని, పక్కకి పక్కకి అడుగులు వేయసాగారు. లైన్స్‌మన్ల నడక అది. అబ్బాయికీ పీతలాగా పక్కడుగులు తప్పలేదు, ఒకసారి తన కాలు తనే తొక్కుకున్నాడు. షేడ్‌కార్డు పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఆ సంగతి నాన్నకు చెప్పలేదు. లోకంలో ఉన్న రంగులన్నీ ఆయనకు చెబుతుంది గానీ తన మొహంలో మారే రంగుల సంగతి ఎప్పుడూ చెప్పదు.

గోల్‌పోస్టు దగ్గర నాన్న ఆగి నెట్ తడిమారు.

"బాబూ, నువ్వు పైకెళ్లి నీ సీట్లో కూర్చో. నేను నెట్ ఊపుతాను. లోపలినుంచో బయటినుంచో ఫోన్‌లో చెప్పు."

అబ్బాయి పరుగున పైకెళ్లాడు. ఫోన్ స్పీకర్‌లో అతని ఆయాసం వినిపించింది. నాన్న బయటినుంచి ఒక్క గుద్దు గుద్దారు.

"లోపల!"

"తప్పు. మళ్లీ చూడు."

"బయట!"

"తప్పు."

"ఈసారి లోపల. ఖాయం సార్."

"ఈసారి నేనసలు ముట్టుకోలేదయ్యా, గాలి!"

నాన్న నవ్వారు. మామూలు నవ్వు కాదు, నెట్ పట్టుకుని వంగిపోయి నవ్వారు. ఆ నవ్వు విన్నాక షేడ్‌కార్డుకి తెలిసిపోయింది, పైనున్న ఆ మనిషంటే తనకు ఇష్టమని. అంత దూరం నుంచి అతని మొహం అగ్గిపెట్టెంత కూడా కనిపించడం లేదు. అయినా అటే చూస్తూ నిలబడింది.

"నీ తప్పు కాదు బాబూ, నీ సీటు తప్పు," అన్నారు నాన్న ఫోన్‌లో. "అక్కడినుంచి నాకూ తెలిసేది కాదు. తెలీనప్పుడు నెట్ కదిలింది అను, అంతవరకే. గోలో కాదో మిగతాది జనం చెబుతారు. మాకు చెవులున్నాయిగా."

తర్వాత కూతురి వైపు తిరిగి, "మన మ్యాచ్ ఎప్పుడన్నావు?" అని అడిగారు.

*

ఆ మ్యాచ్ రోజు మధ్యాహ్నం ఆకాశానికి చిల్లు పడింది. సీట్ల మీద కప్పు ఉన్నా మైదానం మీద లేదు. గడ్డిలో నీళ్లు నిలిచి బంతి ముందుకు దొర్లడం మానేసింది. రిఫరీ ఆట ఆపి అందరినీ లోపలికి పంపించాడు. కప్పు అంచునుంచి జల్లు కొడుతుంటే షేడ్‌కార్డు రెయిన్‌కోటు తొడుక్కుని, నాన్న మోకాళ్ల మీద తువ్వాలు కప్పింది.

"ఆట లేదుగా, ఆ ఇయర్‌పీస్ తీసి జేబులో పెట్టుకో నాన్నా."

"లేదమ్మా, అబ్బాయి మాట్లాడుతున్నాడు. వాళ్లకి మౌనంగా ఉండే హక్కు లేదట. ఒక్క నిమిషం ఊరుకుంటే ఇయర్‌పీస్ చెడిపోయిందని మేం కంగారుపడతామని రూలు."

"ఆట లేకుండా ఏం చెబుతాడు?"

"ఏముంది, వాన. జనం." నాన్న పెదాల చివర నవ్వు నలుగుతోంది.

కాసేపటికి అవతలి సీటు మామ్మగారు మొహం ఇటు తిప్పారు. ఆవిడ పక్కనున్న పెద్దాయన తిప్పారు. చూస్తుండగానే ఆ వరుసలోని నల్లకళ్లద్దాలన్నీ ఒక్కొక్కటిగా షేడ్‌కార్డు వైపు తిరిగాయి. అందరి మొహాల్లోనూ అదే చిరునవ్వు.

"ఏమైందండీ?" అంది ఆమె గాభరాగా.

"ఏం లేదమ్మాయ్," అన్నారు మామ్మగారు. "వాన మొదలైనప్పటినుంచీ నీ రెయిన్‌కోటు గురించే చెబుతున్నాడు. ఇంత పెద్ద స్టేడియంలో ఆ అబ్బాయికి కనిపించేది ఒక్క సీటేనా అని చూస్తున్నాం. అదే, వింటున్నాం."

షేడ్‌కార్డు గబుక్కున నాన్న చెవిలోంచి ఇయర్‌పీస్ లాగి తన చెవిలో పెట్టుకుంది.

"...పసుపు అంటే ఒప్పుకోరు. పండిన నిమ్మకీ బత్తాయికీ నడుమ రంగు. ఇందాక నాన్నగారికి తువ్వాలు కప్పారు, తన భుజం తడుస్తున్న సంగతి చూసుకోలేదు. ఇప్పుడు... ఇప్పుడు ఆయన ఇయర్‌పీస్ తీసి తను పెట్టుకున్నారు."



ఆమె లేచి నిలబడి, పై గది వైపు తిరిగి, ఏమిటిది అన్నట్టు చెయ్యి తిప్పింది. కోపంగానే తిప్పాననుకుంది.

"ఏమిటిదని అడుగుతున్నారు," అంది చెవిలోని గొంతు. "ఊరుకోకూడదని రూలు ఉంది కాబట్టి చెప్పేస్తున్నాను. మీరంటే నాకిష్టం. మీరు దుకాణంలో తెలుపులు పరిచిన రోజునుంచీ ఇష్టం. వినేవాళ్లందరూ క్షమించాలి. మీరు మాత్రం కావాలంటే తిట్టండి."

ఆ తర్వాత ఒక్క మాట లేదు. వాన చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"నాది ఆగిపోయిందే!" అన్నారు మామ్మగారు చెవి తట్టుకుంటూ. "నాదీనూ," అన్నారు పెద్దాయన. వరుసంతా చెవులు తట్టుకోవడం మొదలుపెట్టింది.

"అన్నీ బాగానే ఉన్నాయి," అన్నారు నాన్న, ఏమీ వినిపించకపోయినా. "ఆగింది ఆ అబ్బాయే. అమ్మా, ఏమన్నాడు? నువ్వేమన్నావు?"

జవాబు అప్పటికే ఇచ్చేసింది ఆమె. నాన్న చూడలేని జవాబు అది. అడిగితే ఏదో ఒకటి చెప్పి దాటేయడం ఆమెకు అలవాటే. ఈసారి వంగి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నేనంటే ఇష్టమన్నాడు నాన్నా. నేను తల ఊపాను."

"ఎటు? అడ్డంగానా, నిలువుగానా?"

"నిలువుగా." ఆగి, ఇంకాస్త దగ్గరగా జరిగింది. "నవ్వుతున్నాను నాన్నా. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. మొహం ఎర్రబడింది."

"ఏ ఎరుపు?" అన్నారు నాన్న.

ఊళ్లోని ఎరుపులన్నీ తెలిసిన ఆ అమ్మాయికి ఒక్క పేరూ గుర్తుకు రాలేదు. ఆయన చెయ్యి తీసుకుని వెచ్చగా ఉన్న తన చెంపకు ఆనించింది. నాన్న ఆ వేడిని అరచేత్తో కాసేపు చూసి, తల ఊపారు, నిలువుగానే.