వెచ్చటి గుహ, పల్చటి సంచి

అన్నయ్య పెట్టె అడుగున నీలవేణికి ఒక దుకాణం చీటీ దొరికింది. ఒకవైపు "టెంటు, తొమ్మిది వందల గ్రాములు, స్లీపింగ్ బ్యాగు, అర కేజీ, పదిహేను డిగ్రీల చలి వరకు" అని అచ్చయి ఉంది. రెండోవైపు పెన్సిలుతో గీసిన కొండదారి, దాని చివర గుహ, గుహలో రెండు బిందెల బొమ్మ. రెండేళ్ళ కిందట నిధి కోసం ఏజెన్సీ కొండలెక్కిన సింహాద్రి మళ్ళీ దిగి రాలేదు. పోలీసులు నెల్లాళ్ళు వెతికారు గాని, ఎక్కడ వెతకాలో వాళ్ళకు తెలియదు. ఇప్పుడు నీలవేణికి తెలిసింది. నిధి ఆమెకు అక్కర్లేదు. అన్నయ్య ఏమయ్యాడో తెలిస్తే చాలు.

తోడుగా బయలుదేరిన బాబాయి జోగారావుకు మాత్రం ఆ కాగితంలో బిందెలే కనిపించాయి.

ముందుగా ఇద్దరూ విశాఖలో ఆ దుకాణానికే వెళ్ళి కొండ పేరు చెప్పారు.

"పుష్యమాసంలో ఆ కొండ మీదికా?" దుకాణదారు కళ్ళు పెద్దవి చేశాడు. "తెల్లారేసరికి గడ్డి మీద మంచు గడ్డ కడతాదండీ. ఈకలు కూరిన బ్యాగు తేలికే గాని, పదిహేను డిగ్రీల కన్నా చల్లబడితే కాయదు, తడిస్తే ముద్దయిపోద్ది. ఈ పాలిస్టరు దూది రకం పట్టుకెళ్ళండి, సున్నా డిగ్రీలకైనా కాస్తాది. రెండు కేజీలుంటాది. టెంటుకి రెండు పొరలుండాల, లేపోతే మీ ఊపిరే నీళ్ళై మీ మీద కారతాది."

"సంచి నిండా ఇయ్యే మోస్తే, తిరిగొచ్చినప్పుడు బిందెలు నెత్తిన పెట్టుకోవాలేటి?" అన్నాడు జోగారావు.

కంటితో చూడని బంగారానికి అప్పుడే సంచిలో చోటు ఖాళీ చేస్తున్నాడు మహానుభావుడు! నీలవేణి చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఇద్దరికీ రెండు పొరల టెంటు, తనకు రెండు కేజీల బ్యాగు తీసుకుంది. జోగారావు పట్టుబట్టి సింహాద్రి కొన్న రకమే కొన్నాడు.

రెండు రోజులు నడిచారు. సీదరి గంగులు అనే గిరిజన వృద్ధుడు కత్తితో తీగలు నరుకుతూ ముందు నడిచాడు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి అడవి నోరు మూసుకుంది. పిట్ట కూయలేదు. కీచురాయి కూడా అరవలేదు. గుహ కనబడేసరికి సాయంత్రమైంది. దాని నోట్లోని పల్లంలో ఒక మేకా, ఒక నక్కా పక్కపక్కనే ఎముకలై పడున్నాయి. రెండూ నిద్రపోతున్నట్టే ఒద్దికగా ముడుచుకుని ఉన్నాయి.

"లోనకెల్లకండి!" గంగులు కర్ర అడ్డం పెట్టాడు. "ఇది పిలిసే గుహ. ఎచ్చగుంటాదని మా గొడ్లు ఎల్తాయి. ఎల్లినయ్యి రావు."

నిజంగానే గుహలోంచి గోరువెచ్చని గాలి వస్తోంది, ఎవరో మొహం దగ్గర ఊపిరి వదిలినట్టు.

టెంటు దూరంగా వేశారు. పొద్దు వాలగానే పొగమంచు దిగింది. నీలవేణి బ్యాగులో దూరి మెడదాకా జిప్పు లాక్కుంది. జోగారావు పళ్ళు టకటకలాడాయి.

"దీనికన్నా మీ పిన్ని పాతచీర నయం!" అని మూలిగాడు. నీలవేణి తన శాలువా ఇచ్చింది. అదీ చాలలేదు.

తెల్లవారుతుండగా టెంటు జిప్పు చప్పుడైంది. "ఎక్కడికి బాబాయ్?" అంది నిద్రమత్తులో. లేచి చూస్తే మనిషీ లేడు, అర కేజీ పల్చటి సంచీ లేదు. గడ్డి మీది మంచులో అడుగులు తిన్నగా గుహకేసి వెళ్ళాయి.

"తాతా! లే! బాబాయి లోపలికెళ్ళాడు!"

గంగులు లాంతరూ, తాడూ పట్టుకు పరుగెత్తాడు. ఇద్దరూ ఏటవాలు రాతి మీంచి దిగారు. చివర మనిషి లోతు గుంట ఉంది. గంగులు అంచున వంగి లాంతరు కిందికి దించాడు. మంట చిన్నబోయి, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

"కిందన గాలి సచ్చిపోనాదమ్మా!"

నీలవేణి టార్చి వేసింది. గుంటలో వెలిసిపోయిన టెంటు, జిప్పు పద్ధతిగా మూసి ఉంది. పక్కనే చిలుమెక్కిన రెండు రాగి బిందెలు, మూతి దాకా బంగారు నాణేలు. వాటి ముందు పల్చటి సంచిలో ముడుచుకుని జోగారావు, చంటిపిల్లాడిలా హాయిగా.

ఆమెకు అంతా అర్థమైంది. అన్నయ్యా ఇలాగే చలికి తాళలేక, వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చి పడుకున్నాడు. ఏడవడానికి వ్యవధి లేదు.

"తాడు కిందికి వదులు తాతా! నేను లాగగానే నువ్వూ లాగు!"

ఊపిరి బిగబట్టి దూకింది. బాబాయి చంకల కింద తాడు తిప్పి ముడేసింది. చెవులు హోరెత్తాయి, కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. గంగులు పైనుంచి లాగాడు, ఆమె కిందినుంచి తోసింది. తర్వాత ఆమె చేయీ అందుకుని లాగాడు. ఇద్దరూ అతన్ని బయటి చలిగాలిలోకి ఈడ్చుకొచ్చారు. జోగారావు దగ్గాడు, కక్కాడు, చివరికి కళ్ళు తెరిచాడు. అతన్ని తన మందపాటి బ్యాగులో దూర్చి, గంగులు చేత మంట వేయించింది.

"బిందెలు... సూసేవా అమ్మీ?" అన్నాడు వణుకుతూ. "రెండు పిడికిళ్ళు సాలు."

నీలవేణి తాడు తీసి నడుముకు చుట్టుకుంది. జోగారావు ముఖం వెలిగిపోయింది.

"ఇంకొక్కపాలే," అన్నాడు గంగులు. "మరి నీ ఊపిరి సాలదు."

రెండోసారి గుంటలోకి దిగినా ఆమె బిందెల వైపు చూడలేదు. టెంటు జిప్పు లాగింది. అర కేజీ సంచిలో, టోపీ మొహం మీదికి లాక్కుని, మోకాళ్ళు గుండెలకు హత్తుకుని పడుకున్నాడు సింహాద్రి. ఎముకలూ, జుట్టూ, చేతికి గడియారం. ఆమె సంచి మూసి, రెండు చేతులా ఎత్తుకుంది. గంగులు తాడు లాగి ఇద్దర్నీ పైకి తెచ్చాడు.

గుహ బయట ఎండ పొడ వచ్చింది. జోగారావు ఆమె చేతుల్లోని సంచి కేసి చూశాడు. తర్వాత వెచ్చటి బ్యాగులోంచి బయటికొచ్చి, దాన్ని మంట పక్కన నేల మీద పరిచాడు.

"ఇందులో పడుకోబెట్టమ్మీ," అన్నాడు ఏడుస్తూ. "ఆ సంచిలో ఎంత సలేస్తాదో నాకు తెల్సు."