రెండున్నర ఇరవై అయిదైన ఉదయం

రెండో శవం మీదా గాయం లేదు. విషం ఆనవాలు లేదు. రెండు ఆసుపత్రుల మందు పంపులూ ఒకే మాట చెప్పాయి: “షీట్ ప్రకారమే డోస్ ఇచ్చాం.”

“ఇద్దరూ మన సాక్షులే,” అన్నాడు చీఫ్. “మూడో సాక్షి మాస్టారు. ఆపరేషన్ అయి ఐసీయూలో ఉన్నారు. విదేశీ ముఠా ఏజెంట్ల పేర్లన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి.”

ఏజెంట్ పదిహేడు చటుక్కున లేచాడు. కోడ్ భాషలో అతనికి ఓనమాలు దిద్దించింది మాస్టారే.

“లోపల మనవాళ్ళెవరు సార్?”

“నెమలి. పంపుల కంపెనీ ట్రైనర్ వేషంలో ఉంది. పది గంటలకి డోస్ మారుతుంది. ఈలోగా తేల్చు.”

తొమ్మిదీ ముప్పై అయిదు. ప్రింటర్ మెకానిక్ యూనిఫామ్‌లో పదిహేడు ఐసీయూ పక్కనున్న కంప్యూటర్ గదిలో అడుగుపెట్టాడు. నెమలి అక్కడే ఉంది. ఆమె నవ్వితే ఎదుటివాడు తన పేరు మర్చిపోవాల్సిందే.

“ప్రింటర్ గీతలు కొడుతోందా మేడమ్?”

“మధ్యలో ఒకటే గీత.”

కోడ్ కలిసింది.

“పంప్‌లో వైరస్ ఉంది. స్పేర్ పంప్ ఆ మూలనుంది, విప్పి చూడు,” అని గుసగుసలాడి వెళ్ళిపోయింది.

పెన్నులో దాచిన స్కానర్‌తో పావుగంట వెతికాడు. వైరస్ లేదు, దాని తాత లేడు. అద్దం అవతల మాస్టారు ఊపిరి తీసినప్పుడల్లా దుప్పటి కొద్దిగా లేస్తోంది. తుపాకీ గురిపెట్టినా వెయ్యని భయం పదిహేడుకి అప్పుడు వేసింది.

కంప్యూటర్ వైపు తిరిగాడు. తెర మీద డోస్ షీట్. దాని వెనక పదేళ్ళ కిందట ఇక్కడి ఫార్మసిస్టు రాసిన మ్యాక్రో, దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రామ్. ల్యాబ్ పంపే డోస్‌ని అక్షరాల్లోంచి అంకెగా మార్చి పంప్‌కి పంపుతుంది. మొదట్లో నర్సు ఒకసారి చూసి సరే అనేది. పంప్‌కి వైరు నేరుగా కలిపాక ఎవరూ చూడటం లేదు. పదేళ్ళుగా తప్పు చెయ్యనిదాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఫోల్డర్ తెరిచాడు. ఫైలు సైజు: 1,2 MB.

చుక్క ఉండాల్సిన చోట కామా! ఎవరో ఈ కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ మార్చేశారు. కొన్ని దేశాల్లో దశాంశానికి కామా పెడతారు. చుక్క వేలని విడగొట్టడానికే. మ్యాక్రోలో అక్షరాల్ని అంకెగా మార్చే CDbl అనే ఆదేశం కంప్యూటర్ సెట్టింగ్ ఏం చెబితే అదే వింటుంది. ల్యాబ్ “2.5” అని పంపితే చుక్కని పక్కన పడేసి 25 అంటుంది. ఎర్రర్ లేదు. వైరస్ లేదు. పది రెట్ల మందు, అంతే.

తొమ్మిదీ యాభై ఆరు. సెట్టింగ్ మార్చబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. మ్యాక్రో తెరిచి CDbl చెరిపి Val అని కొట్టాడు. Val ఏ దేశంలోనైనా చుక్కనే దశాంశం అనుకుంటుంది. రన్ చేశాడు.

“చేతులు పైకి,” అంది వెనకనుంచి నెమలి. చేతిలో సైలెన్సర్ పిస్టల్.

“నువ్వా?”

“రెండు వైపులా నేనే. పది దాకా కదలకు, చాలు.”

అతను చేసిన మార్పుని ఆమె చెరపలేదు. కనీసం అటు చూడనైనా లేదు. ఆమె చూపు అద్దం అవతలి పంప్ మీదే ఉంది. పదిహేడూ అటు చూశాడు. తర్వాతి డోస్: 25.

కళ్ళు మళ్ళీ మ్యాక్రో మీదికి పరిగెత్తాయి. పంప్‌కి పంపే వరసలో అంకెని తిరిగి అక్షరాలుగా మార్చే CStr ఉంది! అదీ సెట్టింగ్ మాటే వింటుంది. సరైన రెండున్నరని “2,5” అని రాస్తుంది. కామా అంటే తెలియని పంప్ దాన్ని మింగేసి మళ్ళీ 25 చదువుకుంటుంది. తను లోపలికొచ్చే తలుపు మూసి, బయటికెళ్ళే తలుపు బార్లా వదిలేశాడు.

పైకెత్తిన చేతికి పై అరలో ఉన్న ప్రింటర్ టోనర్ సీసా తగిలింది. మూత ఊడేలా ఆమె ముఖాన కొట్టాడు. గదంతా నల్లటి పొడి. తూటా సీలింగ్‌లో దిగింది. పిస్టల్‌ని కాలితో తన్ని, కీబోర్డు తడుముకుంటూ CStr తీసి Str అని కొట్టాడు. అది కామా జోలికే పోదు. రన్.

పదికి రెండు సెకన్లు. పంప్ మీద అంకె మారింది: 2.5.

చుక్క మందు జారింది. దుప్పటి లేచింది. పదిహేడు కళ్ళు చెమర్చాయి. టోనర్ వల్లే అనుకున్నాడు.

దగ్గుతున్న నెమలిని గార్డులు లాక్కెళ్ళారు. ఫార్మసిస్టు పరుగెత్తుకొచ్చాడు.

“నా మ్యాక్రోని కెలికిందెవరయ్యా?”

“చిన్న మార్పేనండీ.”

“చిన్న మార్పా! అందరూ అడిగి మరీ పట్టుకెళ్ళిన మ్యాక్రో ఇది. ముప్పై ఎనిమిది ఆసుపత్రులకి నా చేత్తో కాపీ ఇచ్చాను!”

ముప్పై ఎనిమిది చోట్లా ఆ తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. పదిహేడు ఫార్మసిస్టు వైపు తిరిగి ఫోన్ తీశాడు.

“మొదటి ఆసుపత్రి నంబర్ చెప్పండి సార్. మీ మ్యాక్రో పొగడ్తలు తర్వాత.”