నాన్న ఆబ్దికం నాటి భోజనం

పొగమంచు ఇంకా విడలేదు. చర్చి వెనక తానుండే గదిలో సుక్‌ఫున్ ఒక్కతే కూర్చుని గంజి తాగింది. కరపత్రాల సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. మియావ్‌లీ కొండల్లోని ఆ హక్కా చైనీయుల ఊళ్లో ఆమె ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి సువార్త చెబుతోంది. చాలా తలుపులు మర్యాదగానే మూసుకుంటాయి. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్లతో ముందు బల్లలు కూడా నిండవు.

ఆ రోజు నాన్న ఆబ్దికం. రెండు వీధుల అవతల అమ్మ లియెన్‌మొయ్ ఒంటరిగా ఉంటోంది.

సుక్‌ఫున్ అక్కడికి వెళ్లేసరికి పితరుల పీఠం ముందు కోడి, చేప, పంది మాంసం అమర్చి ఉన్నాయి. అమ్మ ఒక అగరొత్తి అందించబోయింది.

"ఇదిగో, మీ నాన్నకు ఒక్కటి వెలిగించు."

"నేను వెలిగించనని నీకు తెలుసుగా అమ్మా. నాన్నంటే ప్రేమ లేక కాదు. అసలు దేవుడు..."

"మొదలుపెట్టావా! ఇంకా చెప్పులైనా విప్పలేదు."

"నీ కోసమే చెబుతున్నాను. వయసు మీద పడుతోంది. రేపు నీకేదైనా అయితే?"

"అయితే అవుతుంది. నేను పోయాక నాకు అగరొత్తి వెలిగించేవాళ్లుండరు. ఆ సంగతి నీకంటే నాకే బాగా తెలుసు."

సుక్‌ఫున్ గొంతు పెంచింది. "ఊళ్లో ఎవరైనా నా మాట కాసేపు వింటారు, నువ్వు తప్ప!"

"నువ్వు వాళ్ల మాట వింటావు కాబట్టి!" అంది అమ్మ. "పక్కింటి గియుక్ చెప్పింది. ఆమె మోకాళ్ల నొప్పులూ, కోడలి మీద చాడీలూ పొద్దుపోయేదాకా వింటావట. కాళ్లకు తైలం కూడా రాశావట. నా మోకాళ్లు ఎలా ఉన్నాయో ఎప్పుడైనా అడిగావా? నా దగ్గరికి మాత్రం సరుకమ్ముకునేవాడిలా వస్తావు. కొనవా? సరే, పోతాను. అంతేగా!"

సుక్‌ఫున్‌కి ఈ ఇంట్లో చివరిసారి ఎప్పుడు తిన్నదో గుర్తు రాలేదు. పితరులకు పెట్టింది తినకూడదని, అమ్మ వడ్డించేలోపే వెళ్లిపోయేది. వెళ్లి చర్చి వెనక గదిలో నూడుల్స్ ఉడికించుకునేది. ఇక్కడ అమ్మ పెద్ద బల్లకు ఒక చివర కూర్చుని తినేది.

సంచి గుమ్మం పక్కన దించి, చెప్పులు విప్పింది.

"మోకాళ్లు ఎలా ఉన్నాయమ్మా?"

"ఇప్పుడా అడగడం," అని అమ్మ మూతి తిప్పుకుంది. కానీ చెప్పింది. వానాకాలంలో మెట్లెక్కలేకపోవడం చెప్పింది. చివరి రోజుల్లో ఆసుపత్రిలో నాన్న నిద్దట్లో కూతుర్ని చిన్నప్పటి పేరుతో పిలవడం చెప్పింది. సుక్‌ఫున్ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి ఆవాకులతో వండిన మాంసం తెచ్చింది.

"తిను. ఇది పీఠం దగ్గర పెట్టింది కాదు. ముందే వేరే తీశాను."

"ఇవాళ ఉంటానని నీకెలా తెలుసు?"

"తెలీదు. ప్రతి ఏడూ తీస్తాను. నువ్వు వెళ్లిపోయాక నేనే తింటాను."

సుక్‌ఫున్ అలవాటుగా ప్రార్థనకు తల వంచబోయి, అమ్మ చూస్తోందని ఆగింది.

"ఆగావేం? నీ దేవుడితో చెప్పుకునేదేదో చెప్పుకో."

కళ్లు మూసుకుంది. ప్రార్థన రాలేదు, కన్నీళ్లొచ్చాయి. తెరిచేసరికి అమ్మ చాప్‌స్టిక్స్ పట్టుకుని అలాగే కూర్చుని ఉంది. మెతుకు ముట్టలేదు.

"అయిందా? తిందాం. ఒక్కదాన్నే తిని తిని విసుగొచ్చిందే."