రెండో బోటు

మధ్యాహ్నం రెండింటికి విశాఖపట్నంలో బస్సు దిగారు. "ఈ బెంచీ మీంచి కదలకమ్మా. నీళ్ల సీసా కొనుక్కుని వచ్చేత్తాను," అని కూతురితో చెప్పి గంగబాబు వెళ్లాడు.

మామ్మకి కంటి ఆపరేషన్ అయింది. ఆవిణ్ణి చూడ్డానికే తండ్రీ కూతుళ్లు ఐ.పోలవరం నుంచి వచ్చారు. సాయిదుర్గకి పదేళ్లు. ఇంత పెద్ద ఊరు చూడటం ఇదే మొదలు.

బస్సులో ఆ పిల్ల నోరు ఊరుకుందా? అబ్బే! నాన్న వెనక సీట్లో కునుకు తీస్తుంటే, పక్క సీట్లో ఆకుపచ్చ చీర కట్టుకున్నావిడ "ఎవరి తాలూకమ్మా?" అని అడిగింది. మన కోనసీమలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పకపోతే ఎంత పొగరో అనుకుంటారు. సాయిదుర్గ ఇంటిపేరుతో మొదలుపెట్టి నాన్న పేరు, ఆసుపత్రి పేరు, ఆఖరికి మామ్మ తనని చిట్టిగువ్వా అని పిలుస్తుందన్న సంగతి కూడా చెప్పేసింది. అక్కడితో ఆగిందా? మాకు రెండు బోట్లున్నాయండీ అని ఓ కోత కోసింది. ఉన్నది ఒక్కటే, అదీ పాతది.

ఇప్పుడు బెంచీ దగ్గర జనం పలచబడ్డారు. పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.

"చిట్టిగువ్వా."

సాయిదుర్గ ఉలిక్కిపడింది. ఎదురుగా తెల్లచొక్కా మనిషి. ఎన్నడూ చూడని మొహం. నవ్వుతున్నాడు, ఎంతకీ ఆ నవ్వు ఆపడం లేదు.

మామ్మ ఉన్న ఆసుపత్రి నుంచి వచ్చానన్నాడు. ఇంటిపేరు చెప్పాడు, నాన్న పేరు చెప్పాడు. అన్నీ నిజాలే. తను అన్న మాటలే ఎవరో దాచిపెట్టి మళ్లీ వినిపిస్తున్నట్టుంది. నాన్న అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లాడట, తనని తీసుకురమ్మన్నాడట.

ఇంత తెలిసినవాడు అబద్ధమాడతాడా? పైగా పెద్దవాళ్లు పిలుస్తుంటే కూర్చోవడం మర్యాద కాదు. సాయిదుర్గ లేచి సంచీ అందుకుంది.

"రామ్మా. రెండు బోట్లున్న ఆసామి కూతురివి, నీకు భయమేంటి?" అన్నాడతను.

సాయిదుర్గ కాలు ఆగిపోయింది. రెండో బోటు లోకంలో ఎక్కడా లేదు. నాన్న పంపినవాడికి లేని బోటు ఎలా తెలుస్తుంది? ఆ కోత ఒక్కరి దగ్గరే కోసింది. మెల్లగా తల తిప్పి చూసింది. స్తంభం చాటున ఆకుపచ్చ చీర చెంగు కదులుతోంది.

సాయిదుర్గ మళ్లీ బెంచీ మీద కూలబడి, దాని కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. గట్టు మీంచి బోటుకి వినపడేలా పిలిచినట్టు "నాన్నోయ్" అని కేకేసింది. జనమంతా ఇటు తిరిగారు. గంగబాబు పరుగున వచ్చేసరికి తెల్లచొక్కా లేదు, ఆకుపచ్చ చీరా లేదు.

సాయిదుర్గ ఏడుస్తూ అంతా చెప్పింది, లేని బోటు సంగతితో సహా. గంగబాబు తిట్టలేదు. కూతుర్ని దగ్గరకు తీసుకున్నాడు.

"నేనూ ఒళ్లెరక్కుండా నిద్దరోయేను కదమ్మా," అన్నాడు. తర్వాత అక్కడున్న పోలీసుకి ఆ ఇద్దరి ఆనవాళ్లూ కూతురి చేత చెప్పించాడు.

మర్నాడు తిరుగు బస్సులో పక్క వరసలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. రావులపాలెం దాటాక ఇటు వంగి, "మీదే ఊరమ్మా? ఎవరి తాలూకా?" అని అడిగాడు.

సాయిదుర్గ కాస్త నవ్వింది. "మా నాన్నగారు ఇక్కడే ఉన్నారండీ. ఆయన్నడగండి," అంది.

లేపుదామని నాన్న భుజం మీద చెయ్యి వేసింది. గంగబాబు మేలుకునే ఉన్నాడు.