కాదు గది

శాసనసభ భవనంలో దెయ్యం ఉందంటే మీరు నవ్వుతారు. ఒక్కటేనా అని కూడా అడుగుతారు. నవ్వండి. నేను చెప్పేది కుర్చీల్లో కూర్చునేవాళ్ళ గురించి కాదు... అధ్యక్షులవారి పీఠానికి ఎడమ పక్కనున్న ఆ సన్నటి గది గురించి.

దాన్ని కాదు గది అంటారు. కుడి పక్కది అవును గది. ఏదైనా ఖర్చు మీద ఓటు పెడితే, ఒప్పుకునేవాళ్ళు కుడి పక్కకి, ఒప్పుకోనివాళ్ళు ఎడమ పక్కకి వెళ్ళాలి. గంట మోగినంతసేపు తలుపులు తీసే ఉంటాయి. గంట ఆగిందా — బయటినుంచి గడియ. గదికి ఆ చివర సభలోకి ఇంకో తలుపు ఉంటుంది. లెక్క చూసే గుమాస్తా వచ్చి అది తీసి, ఒక్కొక్కర్నీ లెక్కపెట్టి వదిలితేనే విడుదల.

అవును గదిలో సోఫాలున్నాయి, ఏసీ ఉంది, కాఫీ వస్తుంది. కాదు గదిలో ఒక చెక్క బెంచీ ఉంది. కిటికీ లేదు. లైటు స్విచ్చి బయట ఉంది.

చీకటి పడ్డాక ఆ గది ముందు వసారాలోంచి కాపలా ఉండే మార్షల్స్ కూడా నడవరు, చుట్టూ తిరిగి పోతారు. ఖాళీ గదిలోంచి ఎవరో తలుపు కొడతారట. ముందు మెల్లిగా... తర్వాత గట్టిగా... తర్వాత పేరు పెట్టి పిలుస్తారట.

"ఆవిడే," అంటారు.

ఆవిడంటే లాయరమ్మ. ఆ సభకి మొదట గెలిచిన ఆడమనిషి.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. 'కాదు' అన్నవాళ్ళు కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే అయితే లెక్కలోకి రాదు, ఏకగ్రీవం అని రాసేస్తారు. ఏకగ్రీవంగా ఒప్పుకున్న ఖర్చుని మళ్ళీ ఎవరూ తిరగెయ్యరు. ఇద్దరు కాదన్నారని రాస్తే మాత్రం అది లెక్కల కమిటీ ముందుకి వెళ్ళి తీరాలి. ఆఫీసర్లు వచ్చి, డబ్బు దేనికి పెట్టారో చూపించాలి. ఒంటరి ఆడదాని మాట లెక్కలోకి రాదన్న సంగతి మనకి ఇంట్లోనే తెలుసు. అక్కడ దాన్ని అచ్చువేసి పెట్టుకున్నారు, అంతే.

ఎప్పుడో, మా చిన్నతనంలో, సమావేశాల ఆఖరి రోజున లాయరమ్మ ఒక్కతే ఆ గదిలోకి వెళ్ళింది. ఒక్కతే కాబట్టి కాగితం మీద 'వ్యతిరేకులు లేరు' అని రాశారు. బల్లలు చరిచారు. సభ ముగిసింది. దీపాలార్పి అందరూ ఇళ్ళకి పోయారు. కాగితం ప్రకారం లోపల ఎవరూ లేరు కాబట్టి... ఎవరూ ఆ తలుపు తీయలేదు.

మళ్ళీ సభ పెట్టినప్పుడు తీశారు.

గుండె ఆగి చనిపోయిందని పత్రికల్లో వేశారు. గుండె ఆగకుండా చనిపోయేవాళ్ళెవరో నాకు తెలీదు.

అప్పట్నుంచి ఆ గదిలోకి ఎవరూ పోలేదు. ప్రతిపక్షానికి కోపం వస్తే లేచి బయటికెళ్ళి, మెట్ల మీద నిలబడి ఫోటోలు దిగుతారు. దెయ్యం భయమట పాపం. ప్రభుత్వాలు మారాయి, జెండాలు మారాయి, ఎవరూ ఆ దెయ్యాన్ని వదిలించే ప్రయత్నం చెయ్యలేదు. ఎందుకు చేస్తారు? జీతం లేకుండా అంత పనికొచ్చే ఉద్యోగి ఇంకెవరున్నారు?

ఇక వదినగారి సంగతి. ఇది ఆవిడే నాకు చెప్పింది.

ఆవిడ భర్త సభ్యుడిగా ఉండగానే పోయాడు. ఆ సీటు ఆవిడకిచ్చారు. ఇవ్వడమంటే... ఇంట్లో వాళ్ళ చీర ఇంట్లో వాళ్ళకే కట్టబెట్టినట్టు. ఆయన తమ్ముడు పార్టీకి విప్. ఎవరు ఏ పక్క ఓటెయ్యాలో చెప్పేది అతనే. అతను వదినా అని పిలుస్తాడు కాబట్టి సభ మొత్తానికీ ఆవిడ వదినగారయింది. పళ్ళూడిన ముసలాళ్ళు కూడా, "వదినగారూ, జరుగుతారా కాస్త," అనేవాళ్ళు.

సంతకం పెట్టడం, బల్ల చరచడం — ఆవిడకి చెప్పిన పనులు ఈ రెండే. రెండూ శుభ్రంగానే చేసేది, ఆ హాస్టలు పద్దు వచ్చేదాకా.

ఆవిడ నియోజకవర్గంలో పెద్ద బట్టల మిల్లుంది. అందులో రాత్రి షిఫ్టు చేసే ఆడవాళ్ళకని కట్టిన హాస్టలుకి పై అంతస్తు వెయ్యాలట, అదనంగా డబ్బు కావాలట. సరే, కింది అంతస్తు చూసొద్దామని వెళ్ళిందావిడ.

కింది అంతస్తు లేదు. పునాది కూడా లేదు. లారీలు ఆపుకుని డ్రైవర్లు పేకాడుతున్నారు. మిల్లు ఆడవాళ్ళు అర్ధరాత్రి షిఫ్టు దిగి, బస్సులు మొదలయ్యేదాకా గేటు పక్కన గోడకి ఆనుకుని కూర్చుంటున్నారు, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని. వాళ్ళలో ఒకామె ఆవిణ్ని చూసి, "అమ్మా, మా హాస్టల్లో భోజనం బాగుంటుందట కదా?" అంది. మిగతావాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వదినగారితోపాటు ఇంటికొచ్చేసింది.

మరిదిని అడిగింది.

"ముందు పద్దు పాసవనీ వదినా. తర్వాత కడతారు."

"కింద లేకుండా పైన ఎలా కడతారయ్యా?"

"అవన్నీ ఇంజనీర్లు చూసుకుంటారు. మీకెందుకు తలనొప్పి?"

తనకెందుకో ఆవిడ చెప్పలేదు. మర్నాడు భవనంలో ఆడవాళ్ళకున్న ఒకే ఒక్క టాయిలెట్లో, కుళాయి తిప్పి వదిలి, ఇంకో సభ్యురాలి చెవిలో చెప్పింది. ఆమె పిల్లల డాక్టరు. డాక్టరమ్మ అంతా విని, "నువ్వు పద. నీ వెనకే నేనొస్తా," అంది.

"సీటు పోతుంది, తెలుసుగా?"

"పోతే పోయింది. నాకు క్లినిక్కుంది," అంది డాక్టరమ్మ. "నీకే ఏమీ లేదు."

అది నిజమే. విప్ మాట దాటితే వదినగారికి సీటు పోతుంది. సీటుతోపాటు ప్రభుత్వ క్వార్టరు, దాంతోపాటు అత్తింట్లో ఇప్పుడిప్పుడే దొరుకుతున్న ఆ పాటి మర్యాద.

ఆఖరి రోజు. సభ రాత్రి దాకా సాగింది. ప్రతిపక్షం ఎప్పుడో మెట్ల మీదికి పోయింది. మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా వరసగా పాసవుతున్నాయి. అధ్యక్షులవారు తలెత్తకుండా చదువుతున్నారు.

"అనుకూలురు?"

"అవును!" అని పెద్ద కేక.

"వ్యతిరేకులు?" పేజీ తిప్పుతూనే అడిగారు.

"కాదు."

పేజీ మధ్యలో ఆగింది.

"ఎవరది?"

"వదినగారండీ," అన్నారెవరో. నవ్వులు.

"పొరపాటున అని ఉంటారు. అమ్మా, కూర్చోండి."

"పొరపాటు కాదండీ. ఓటు పెట్టండి."

అడిగితే గంట కొట్టాల్సిందే. కొట్టారు.

వదినగారు లేచి ఎడమ పక్కకి నడిచింది. అంతమంది చూస్తుండగా, ఆవిడ చెప్పుల చప్పుడు ఆవిడకే పరాయిగా వినపడిందట. గదిలో అడుగుపెట్టి బెంచీ మీద కూర్చుంది. పాత చెక్క వాసన, తడిసి ఆరిన గోడల వాసన. గంట మోగుతూనే ఉంది.

మరిది గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"వదినా... బయటికి రండి. అన్నయ్య పరువు తీయకండి."

"మీ అన్నయ్య పరువు నా దగ్గర దాచలేదయ్యా."

"పిల్లల కాలేజీ సీట్లు నేనే కదా చూడాలి..." అని ఆగాడు. ఆ మాట పూర్తి చెయ్యక్కర్లేదని అతనికీ తెలుసు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఒక్కళ్ళే ఉండకూడదు వదినా. మంచిది కాదు. లోపల ఆవిడ ఉంటుంది."

"ఉండనీ. ఈ భవనంలో నాతో మాట్లాడే మనిషి దొరుకుతుంది."

అతను వెళ్ళిపోయాడు.

గంట మోగుతోంది. వసారాలో ఎత్తు మడమల చెప్పుల చప్పుడు... దగ్గరకొస్తోంది. డాక్టరమ్మ! వదినగారు లేచి నిలబడింది. చప్పుడు గుమ్మం పక్కనే ఆగింది. ఫోను మోగింది.

"ఆ... చెప్పండి... లేదండీ, లోపలికేం వెళ్ళలేదు... ఎవరు చెప్పారు మీకు?... ఊరికే ఇటు వచ్చానంతే... సరేనండీ."

తర్వాత అదే చప్పుడు — దూరంగా, ఇంకా దూరంగా.

గంట ఆగింది.

గడియ పడింది.

ఎవరో అలవాటు కొద్దీ స్విచ్చి నొక్కి లైటార్పేశారు. ఖాళీ గదికి కరెంటు దండగ కదా. ప్రజాధనం.

చీకటి... ఎంత చీకటంటే, చెయ్యి మొహం మీద పెట్టుకుంటేనే మొహం ఉందని తెలిసేంత. గోడ అవతల మైకులో అధ్యక్షులవారి గొంతు. ఎవరెవరికో ధన్యవాదాలు చెబుతున్నారు. అవి సభ ముగించే ముందు చెప్పే మాటలు. అప్పుడు తట్టింది వదినగారికి — ఒక్కతే. లెక్కలోకి రాదు. కాగితం మీద 'లేరు'. ఇంకాసేపట్లో అందరూ ఇళ్ళకి పోతారు.

తలుపు మీద చేత్తో కొట్టింది. ముందు మెల్లిగా. తర్వాత గట్టిగా. రెండు అరచేతులతో.

బయట బూట్ల చప్పుడు ఆగింది.

"విన్నావా?" అన్నాడొక మార్షల్.

"విన్నాలే. పద, పద."

"బాబూ! తలుపు తీయండి! నేను... వదినగారిని!"

"చూశావా," అన్నాడు రెండోవాడు. "తెలిసినవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని చెప్పలే? వెనక్కి చూడకు."

బూట్లు పరిగెత్తాయి.

ఆవిడ అక్కడే గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయింది. ఎంత కొడితే అంత దెయ్యం. ఎంత పిలిస్తే అంత దెయ్యం. ఇన్నేళ్ళూ ఆ తలుపు కొట్టింది ఎవరో, నిజంగా చచ్చాకే కొట్టారో, బతికుండగానే కొట్టారో... అని ఆలోచించిందట.

సరిగ్గా అప్పుడు — బెంచీ వైపునుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

గజ్జెల మోత లేదు, మల్లెపూల వాసన లేదు, వికటంగా నవ్వడమూ లేదు. మైకు ముందు లేచి నిలబడ్డ మనిషి, మాట మొదలుపెట్టే ముందు సవరించుకున్నట్టు... అంతే. ఒక్కసారి.

వదినగారు తిరిగి చూడలేదు. చూసినా కనపడేది ఏముంది?

ఆ చివర కిర్రుమంది. రెండో తలుపులో పక్కకి జరిపే జానెడు చెక్క పలక ఉంటుంది, అది తెరుచుకుంది. లెక్క చూసే గుమాస్తా. సభలో అందరూ లెక్కాయన అంటారు. ఆయన కూడా రావాలని రాలేదు. ఓటు పెట్టాక ఒకసారి వచ్చి అడగాలని నియమం, అడక్కపోతే పెన్షను ఆగుతుంది. మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు మూసుకుని అడిగాడు.

"లోపల... ఎంతమంది?"

ఒక్కతిని అంటే లెక్కలోకి రాదు, ఆ పలక మూసుకుపోతుంది.

"ఇద్దరం."

ఇక్కడ నేను ఆపి అడిగాను. "ఆ మాటన్నది ఎవరు?"

"నేనే," అంది వదినగారు. "నువ్వేమీ కథలల్లకు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు, నేనే అబద్ధం ఆడాను. తలుపు తీస్తే చాలనుకున్నాను. తీయగానే సభలోకి పరిగెత్తి, గొంతు చించుకుని అరుద్దామని. ఒక్కతినే ఉన్నానని తేలాక ఓటు ఎలాగూ పోతుంది. కనీసం ప్రాణంతో బయటపడతాను కదా."

"మరి బెంచీ దగ్గర..."

"చెక్క బెంచీ. పాతది. నా భయానికి అలా వినపడి ఉంటుంది."

నాకు కొంచెం నిరాశగానే అనిపించింది. సరే, తర్వాత ఏమైందని అడిగాను.

తలుపు తీశాడట. లెక్కపెట్టడానికి అక్కడో పద్ధతుంది. గుమాస్తా గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపి నిలబడతాడు. లోపలి మనిషి ఆ చేతిని తాకాలి, అతను చెయ్యెత్తి దారిచ్చి, సభకి వినపడేలా అంకె చెప్పాలి. ఆయన నోట అంకె బయటికొచ్చిందంటే అదే లెక్క. అధ్యక్షులవారు కూడా మార్చడానికి లేదు.

లెక్కాయన కళ్ళు ఇంకా గట్టిగా మూసుకునే ఉన్నాడు. వదినగారు వేళ్ళతో ఆయన చేతిని తాకింది. చెయ్యి లేచింది.

"ఒకటి," అన్నాడు.

ఆవిడ గుమ్మం దాటింది. ఎదురుగా సభ, దీపాలు, తిరిగి చూస్తున్న మొహాలు, వాటి మధ్య మరిది మొహం. అరవడానికి నోరు తెరిచింది. ఆవిడ వెనక లెక్కాయన చెయ్యి మళ్ళీ దిగిన చప్పుడు — చొక్కా గుడ్డ రాపిడి, అంతే. ఇక తలుపు వేసేస్తాడనుకుంది.

వెయ్యలేదు. ఉలిక్కిపడ్డాడు. కళ్ళు తెరవకుండానే, పెద్దవాళ్ళెవరికో దారి ఇస్తున్నట్టు పక్కకి ఒదిగి, చెయ్యి ఎత్తి —

సభంతా వినపడేలా అన్నాడు.

"రెండు."